యుద్ధం సరిగ వస్తలేదు, మైబూ!

మా గ్రంథాలయంలో యుద్ధాల మీద ఒక బీరువా నిండా పుస్తకాలున్నాయి. యుద్ధం చేసినవాళ్లు రాసినవి, చేయించినవాళ్లు రాసినవి, జరగకుండా ఆపామని చెప్పుకున్నవాళ్లు రాసినవి. దాదాపు అన్నీ చదివాను. యుద్ధాన్ని తీగ మీద ఇంటింటికీ చేర్చిన మనిషి రాసింది మాత్రం ఒక్కటీ కనపడలేదు. ఆ లోటు తీర్చాలంటే నేనే రాయాలి. గద్వాలలో, వనపర్తిలో, నాగర్‌కర్నూల్‌లో కేబుల్ టీవీ పని చేసి ఈ మధ్యనే మానుకున్నాను. పేరు మహబూబ్. ఈ మూడు ఊళ్లలో ఎవరూ నన్ను ఆ పేరుతో పిలవలేదు. అందరికీ కేబుల్ మైబునే.

సరిహద్దు మీద రెండు సైన్యాలు ఎదురెదురుగా నిలబడ్డాయంటే ముందుగా మోగేది మా ఫోనే. "యుద్ధం సరిగ వస్తలేదు, మైబూ! జర చూడు." ఇంట్లో బొమ్మ వస్తే అది ఛానల్ వాళ్ల గొప్పతనం, రాకపోతే నా తప్పు. మా పని మొత్తం ఈ ఒక్క వాక్యంలో ఉంది.

ఇప్పుడు ఈ పనిలోకి వస్తున్న పిల్లలు తీగలు అతకడంలో, సిగ్నల్ కొలవడంలో నాకంటే నేర్పరులు. ఆ సంగతులు వాళ్లకు నేను చెప్పక్కర్లేదు. నన్ను కంట్రోల్ రూంకు ఎప్పుడు ఇన్‌చార్జిని చేశారో, ఎందుకు చేశారో కూడా రాయను. రెండోది నాకూ సరిగ్గా తెలియదు. స్తంభం ఎక్కకముందు, దిగాక ఏం చేయాలో మాత్రం రాస్తాను.

నువ్వెవల దిక్కు?

పని మొదలుపెట్టింది గద్వాలలో. యజమాని ఈరన్న. ఊరి తీగలన్నీ బయల్దేరే ఆయన కంట్రోల్ రూం అంటే ఇంటి మేడ మీద ఒక రేకుల గది. కోట వైపు వెళ్లే తీగల మీద కోతులు ఊగేవి. అవి ఊగినంతసేపు సినిమాలో హీరో కూడా ఊగేవాడు.

ఆ రోజుల్లో ఒకసారి సరిహద్దు వేడెక్కింది. పాత బస్టాండు దగ్గర బట్టల కొట్టు సేటు కబురు పంపాడు. వెళ్లేసరికి కొట్టు నిండా జనం. చీరలు కొనడానికి వచ్చినవాళ్లు కూడా చీరలు వదిలేసి టీవీ చూస్తున్నారు.

"చూడు మైబూ. అవతలోళ్ల ట్యాంకులు అద్దం లెక్క వస్తున్నయ్. మనోళ్లయి చుక్కలు చుక్కలు. గిదేం పద్ధతి?" అన్నాడు సేటు.

స్తంభం ఎక్కాను. కనెక్టరు మార్చాను. దిగి వచ్చి చూస్తే అదే వరస. అవతలివాళ్లు తళతళ, మనవాళ్లు మసక మసక.

"నువ్వెవల దిక్కు మైబూ?" అన్నాడు సేటు.

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. నా నవ్వు కొంచెం ఆలస్యంగా వచ్చింది.

అప్పటికే ఈరన్న నా వెనకాల వచ్చి గడపలో నిలబడ్డాడు. "మావోడు కరెంటు దిక్కు సేటూ. అది ఉంటే ఉంటడు, పోతే పోతడు" అని, చెప్పులు విడిచి లోపలికొచ్చి బల్ల మీద కూర్చున్నాడు. చాయ్ తెప్పించుకున్నాడు. తీరిగ్గా టీవీ చూశాడు. నాకు చిరాకేసింది. కంప్లెయింటు మీద వచ్చిన మనిషి టీవీ చూడటమేమిటి?

చాయ్ అయ్యాక అన్నాడు. "మైబూ, స్తంభం మీద లేదు బిమారి. జర మంచిగ చూడు. మనోళ్లది కొండ మీద, మంచుల, చేతుల పట్టుకొని తీసిండ్రు. వాళ్లది పరేడ్‌ల తీసింది, కింద స్టాండు పెట్టుకొని నిమ్మళంగ. ఎవడు నిజంగ ఉరుకుతుంటే వాని బొమ్మనే ఊగుతది."

సేటు ముఖం వెలిగింది. "అంటే మనోళ్లే నిజంగ కొట్లాడుతున్నరన్నట్టు!"

ఆ రోజు నుంచి ఆయన వచ్చిన ప్రతివాడికీ ఆ చుక్కలు చూపించి గర్వపడ్డాడు. తర్వాత మేం ఆ వీధికి కొత్త తీగ వేస్తే బొమ్మ శుభ్రంగా వచ్చింది. ఆయనకు అది నచ్చలేదు. "ఏదో తక్కువైంది మైబూ" అంటూ కొన్నాళ్లు గొణిగాడు.

ఈరన్న దగ్గర నేను నేర్చుకున్నది ఇదే. స్తంభం ఎక్కే ముందు ఇంట్లో కూర్చో. వాళ్లు చూసేది నువ్వూ చూడు. కొత్తగా వచ్చే పిల్లలు ఇది చేయరు. గుమ్మంలో నిలబడి మీటరు చూసి, "సిగ్నల్ మంచిగనే ఉంది" అని చెప్పి వెళ్లిపోతారు. సిగ్నల్ మంచిదే కావచ్చు. వాళ్లు నిన్ను పిలిచింది దాని గురించి కాకపోవచ్చు.

అట్లాసు, చాయ్ మరక

వనపర్తికి మారాక నాకు గ్రంథాలయం దొరికింది. నా చదువు పదో తరగతి దగ్గర ఆగిపోయింది. మిగిలిన చదువంతా అక్కడి చెక్క బల్ల మీద జరిగింది. గ్రంథపాలకుడు రాఘవులు సారు నాకు పెద్ద అట్లాసు ఇంటికి ఇచ్చేవాడు కాదు గానీ, మూసే వేళ దాటినా దాని ముందు కూర్చోనిచ్చేవాడు.

అక్కడ తెలుసుకున్నది చెబుతాను. ఉత్తరాన లడాఖ్ లాంటి ఎత్తైన చోట్ల హద్దును ఎవరూ నేల మీద నడిచి గీయలేదు. వర్షం నీళ్లు ఇటు కొన్ని, అటు కొన్ని విడిపోయే కొండ అంచును హద్దు అనుకోవడం ఒక పద్ధతి. కానీ కొండలు ఒక వరుసలో ఉండవు. వీళ్ల పటంలో ఒక గీత, వాళ్ల పటంలో ఇంకో గీత. వీళ్ల సైనికులు వీళ్ల గీత దాకా గస్తీ తిరుగుతారు, వాళ్లు వాళ్ల గీత దాకా. రెండు గీతల మధ్య ఉన్న నేల మీద ఇద్దరూ ఎదురుపడితే, ఇద్దరూ తమ నేల మీదే ఉన్నట్టు. ఇది తెలిశాక నాకు టీవీలో చూపించే పటాలు చూస్తే నవ్వొచ్చేది. ఒక ఛానల్ పటంలో అయితే నది కొండ ఎక్కుతోంది.

ఇంత తెలిశాక ఊరుకోవడం ఎలా? గ్రంథాలయం పక్కనే ఖాజా భాయ్ హోటల్. బల్ల మీద ఒలికిన చాయ్‌లో వేలు ముంచి రెండు గీతలు గీసి చెప్పడం మొదలుపెట్టాను. పెద్దమందడి నుంచి విత్తనాల కోసం వచ్చిన సాయిరెడ్డి అనే రైతు బాగా విన్నాడు.

"అంటే నడుమ గట్టు లేదా?"

"లేదు."

"హద్దురాళ్లు?"

"శాన జాగల్ల లేవు."

"మరి సర్వేయర్‌ను పిలిపిస్తే అయిపాయె గద. ఇంతమందిని కొండ మీద నిలబెట్టుడెందుకు?"

"ఎవరి సర్వేయర్‌ను పిలవాలి?" అన్నాను, చిక్కాడనుకుంటూ.

సాయిరెడ్డి ఆలోచించాడు. "గదీ నిజమే. ఎవని చాయ్ తాగనోడు గావాలె."

గల్లా దగ్గర నుంచి ఖాజా భాయ్ అన్నాడు. "చాయ్ తాగని సర్వేయర్ ఈ దునియల లేడు రెడ్డీ. యుద్ధమే నయం." అని తడిగుడ్డతో మా బల్ల తుడిచేశాడు. రెండు దేశాలూ ఒక్క ఊపులో పోయాయి.

ఆ తర్వాత సరిహద్దు మీద ఏ చప్పుడు అయినా హోటల్ నుంచి పిలుపు వచ్చేది. నాకు చాలా గొప్పగా ఉండేది. ఇప్పుడు నిష్పక్షపాతంగా చెప్పాలంటే, తెలిసి ఉండటం ఒక విద్య, చెప్పడం మరో విద్య. మొదటిది గ్రంథాలయంలో దొరుకుతుంది. రెండోది దొరకదు. అది నాకు లింగాల మండలంలో, ఒక ఊరంతా చీకటి చేసి మరీ నేర్పారు.

ఎర్ర పట్టీ

అప్పటికి నేను నాగర్‌కర్నూల్‌లో చంద్రయ్య సేటు దగ్గర కంట్రోల్ రూం చూస్తున్నాను. కాలం మారింది. ప్రతి టీవీకీ సెట్‌టాప్ బాక్సులొచ్చాయి. ఏ ఊరికి ఏ ఛానళ్లు పోవాలో కుర్చీలో కూర్చొని కంప్యూటర్ మీద మార్చవచ్చు. సేటు మంచివాడే గానీ ఫోన్ ఎత్తడమంటే భయం. కంప్లెయింట్ల రోజున ఫోన్‌ను టవల్‌లో చుట్టి బల్ల కింద పెట్టేవాడు.

ఆ వేసవి లడాఖ్ వైపు రెండు సైన్యాలు ఎదురుబొదురుగా నిలిచాయి. లింగాల మండలంలో, అడవి అంచున ఉన్న ఒక ఊరి నుంచి నర్సమ్మ ఫోన్ చేసింది. ఊరి పేరు రాయను. వద్దన్నారు. ఎందుకు వద్దన్నారో ముందుకు చదివితే తెలుస్తుంది.

"మైబూ, టీవీల కింద ఎర్ర పట్టీ వస్తుంది. జర తీసెయ్" అంది.

ఎర్ర పట్టీ అంటే వార్తల ఛానల్ అడుగున అక్షరాలు పరుగెత్తే వరుస. అది ఛానల్ వాళ్లది, మేం తీయలేం. ఆ మాట ఫోన్‌లోనే చెప్పొచ్చు. కానీ ఈరన్న మాట గుర్తొచ్చి బండి తీశాను. వెళ్లి ఇంట్లో కూర్చున్నాను. ఆమె చూసేది నేనూ చూశాను.

ఆమె కొడుకు శివుడు సైన్యంలో ఉన్నాడు. పని లడాఖ్‌లోనే. ఉద్రిక్తత మొదలైనప్పటి నుంచి ఫోన్ లేదు. టీవీలో పదే పదే ఒక ముక్క వేస్తున్నారు. జీపులు పోతుంటాయి, వెనక సైనికులు కూర్చొని ఉంటారు. అది రాగానే నర్సమ్మ లేచి టీవీ దగ్గరికి వెళ్లి, దాదాపు ముక్కు తగిలేంత దగ్గరగా నిలబడుతుంది. వెనక కూర్చున్న మూడో పిల్లవాడి గడ్డం దగ్గరికి వచ్చేసరికి ఎర్ర పట్టీ అడ్డం వస్తుంది.

"గా మూడోడు మావోడే. భుజం చూస్తే తెలుస్తలేదా? పట్టీ తీస్తే మొకం అవుపడ్తది."

"అది అక్కడి నుంచే అట్ల వస్తదక్కా. నేను తీయలేను."

"మరి జీపును ఆపు."

"అదీ కాదక్కా."

"మరి నువ్వేం జేస్తవ్ మైబూ?"

ఇంత సూటిగా నా ఉద్యోగం గురించి ఎవరూ అడగలేదు. నాకు తెలిసింది చెప్పాను. లడాఖ్ ఎంత పెద్దదో, ఎన్ని శిబిరాలుంటాయో, ఆ ఎత్తులో ఫోన్లు ఎందుకు పనిచేయవో వివరించాను. ఈ జీపుల ముక్క కొత్తది కూడా కాదని, అంతకుముందెప్పుడో ఇదే వేశారని చెప్పాను.

"పాతదైతే ఏమాయె? అప్పుడు గూడ మావోడు ఆడనే ఉన్నడు గద" అంది.

ఆమె పక్కన కంచంలో అన్నం ముట్టకుండానే ఎండిపోయి ఉంది. షుగర్ మాత్రల పట్టీ విప్పలేదు. ఆమె భర్త బాలకిష్టయ్య ఇంట్లో లేడు. ఆ ఊళ్లో ఫోన్ సిగ్నల్ నీళ్ల ట్యాంకు మెట్ల మీద తప్ప రాదు. కొడుకు ఫోన్ ఎప్పుడొస్తుందోనని ఆయన పొద్దున లేచింది మొదలు ఆ మెట్ల మీదే కూర్చుంటున్నాడు. ఊళ్లో కుర్రకారు "మామ బార్డర్ డ్యూటీల ఉన్నడు" అని ఆటపట్టిస్తున్నారు. అన్నం తీసుకెళ్లి ఇచ్చేదీ వాళ్లే.

కొద్ది రోజులకు బాలకిష్టయ్య బస్సెక్కి మా కంట్రోల్ రూంకే వచ్చాడు. ఫోన్ మెట్ల మీద ఇంకొకరికి అప్పజెప్పి వచ్చాడట.

"తీసెయ్ మైబూ. వార్తలన్నీ తీసెయ్. ఆమె తింటలేదు. నిన్న కండ్లు తిరిగి పడ్డది. దవాఖానకు రమ్మంటే, ఎవడన్న ఏమన్న చెప్తడేమో, టీవీ ఇడిసి రానంటది. గా టీవోడు గంటకోసారి, ఇంకో గంటల ఏమైనా జరగొచ్చంటడు. ఆ గంట ఎప్పటికీ అయిపోతలేదు."

"మీ బాక్సుకు ఆపేస్తాను."

"మా ఒక్కళ్లకు తీస్తే పక్కింట్లకు పోతది. ఊరందరికీ తీసెయ్."

నేను రాసిన నాలుగు ముక్కలు

చంద్రయ్య సేటు విని తల పట్టుకున్నాడు. "తియ్యి, పాపం. కాని జనం ఫోన్లు జేస్తే నేను ఎత్త. మన లోకల్ ఛానల్‌ల ఏదన్న స్క్రోలింగ్ రాయి."

మాకు సొంతంగా ఒక లోకల్ ఛానల్ ఉంది. దాని అడుగున పెళ్లిళ్లు, తప్పిపోయిన బర్రెలు, కొత్త బట్టల దుకాణాలు పరుగెత్తుతుంటాయి. బర్రె తప్పిపోయిందని రాయడం ఎవడికైనా వస్తుంది. ఇది అలాంటి రాత కాదు. ఇన్నేళ్ల నా పుస్తక జ్ఞానానికి తగిన అవకాశం వచ్చిందనుకున్నాను. నిమిషాల్లో రాసేశాను.

"అనివార్య పరిస్థితుల దృష్ట్యా మీ గ్రామంలో వార్తా ప్రసారములు తాత్కాలికంగా నిలిపివేయబడినవి. తదుపరి సమాచారం అందువరకు ప్రజలు ప్రశాంతంగా ఉండి సహకరించగలరు."

సేటు రెండుసార్లు చదివించుకున్నాడు. "అబ్బ! అచ్చం కలెక్టర్ రాసినట్టే ఉంది గద రా" అన్నాడు. నా జీవితంలో నాకు దక్కిన మొదటి సాహిత్య ప్రశంస అది. సంతోషంగా ఇంటికెళ్లాను.

ఇప్పుడు ఈ వృత్తిలోకి వచ్చేవాళ్లు ఒక్కసారి ఆగి, ఆ ఊరివాళ్ల కళ్లతో దాన్ని చదవండి. రోజూ యుద్ధం యుద్ధం అని అరుస్తున్న ఛానళ్లన్నీ ఒకేసారి మాయమయ్యాయి. సీరియల్స్ వస్తున్నాయి, సినిమాలు వస్తున్నాయి, వార్తలు మాత్రం లేవు. అడుగున కలెక్టర్ భాషలో, ప్రశాంతంగా ఉండమని వస్తోంది.

తెలకపల్లి దాటాక

మర్నాడు మధ్యాహ్నం దాకా ఒక్క కంప్లెయింటు రాలేదు. సేటు ధైర్యం చేసి టవల్ విప్పాడు. అప్పుడొచ్చింది ఫోన్, ఆ ఊరి నుంచి కాదు, పక్క ఊరి నుంచి. అక్కడేదో జరుగుతోందని, మా ఊరికి కూడా యుద్ధం వస్తుందా అని అడుగుతున్నారు. సేటు ఫోన్ నా చేతిలో పెట్టి, "పో" అన్నాడు.

బండి మీద బయల్దేరాను. తెలకపల్లిలో చాయ్‌కు ఆగితే హోటలాయన అడిగాడు. "యాడికి భాయ్?"

"లింగాల దిక్కు."

"పోకు. ఆడ ఊరు ఖాళీ జేయిస్తున్నరంట. మిలిట్రీ దిగిందంట."

"ఎవరు చెప్పారు?"

"ఎవలో చెప్పుడేంది? కేబుల్ టీవీలనే వచ్చిందంట!"

ఆ చాయ్ సగం తాగి లేచాను.

పొద్దు గుంకే వేళకు ఊరు చేరాను. వీధి దీపాలు ఒక్కటీ వెలగలేదు. సర్పంచి ఆర్పించాడట, విమానాలకు కనపడకూడదని. ఊరి మొదట్లో ఎల్లయ్య అనే ఆయన కొత్తగా సున్నం వేసిన ఇల్లు పైనుంచి తెల్లగా కనపడుతుందని కప్పు నిండా జొన్న చొప్ప పరుస్తున్నాడు. నిచ్చెన మీద నుంచే అరిచాడు. "మైబన్నా, నీకు తెలిసే ఉంటది. ఎంత దూరం వచ్చిండ్రు?"

"ఎవరు?"

"గదే, వాళ్లు!"

"వాళ్లు లడాఖ్‌లో ఉన్నారు ఎల్లయ్యా."

"నిన్నటి దాక ఆడనే ఉండె. మరి వార్తలెందుకు తీసేసిండ్రు?"

"ఊరికే తీశారు."

"ఊరికే తీస్తే ప్రశాంతంగ ఉండమని ఎందుకంటరు? సర్కారు ప్రశాంతంగ ఉండమన్నదంటే కొంప మునిగినట్టే గద!"

బండి తోసుకుంటూ ముందుకు పోయాను. కిరాణా కొట్టులో ఉప్పు, అగ్గిపెట్టెలు అయిపోయాయి. ట్రాక్టరున్నవాళ్లు దాని నిండా సామాను సర్దుకొని, ఎటు పోవాలో తెలియక తిరిగి దించుకుంటున్నారు.

ఈ గోలలో నర్సమ్మ ఎలా ఉందో! టీవీ చూసి భయపడుతోందని తీయిస్తే, ఇప్పుడు ఊరంతా భయపడుతోంది. పడిపోయి ఉంటుందనే అనుకున్నాను. పరుగున వాళ్లింటికి వెళ్లాను.

వాకిట్లో సగం ఊరు కూర్చొని ఉంది. సైనికుడి తల్లి కాబట్టి ఆమెకే ఎక్కువ తెలుస్తుందని వచ్చినవాళ్లు, ఇంట్లో ఒంటరిగా ఉండలేక వచ్చినవాళ్లు, పిల్లల్ని చంకనేసుకొచ్చినవాళ్లు. నర్సమ్మ మూడు రాళ్ల పొయ్యి మీద పెద్ద గిన్నె పెట్టి ఉప్మా కలుపుతోంది. గరిటె ఊపుతూ ఒకావిడను కేకలేస్తోంది.

"ఏడ్సుడు ఆపు లచ్చమ్మా. మావోడు ఆడ లేడా? వానితోటి గంతమంది లేరా? మీరు గిట్ల పరేషానైతే వాళ్లకెట్లుంటది? ముందుగాల తినుండ్రి."

"నువ్వు తిన్నవా?" అంది లచ్చమ్మ ముక్కు చీదుతూ.

"మీరు తింటెనే గద నేను తినేది" అని నర్సమ్మ ఆకులో ఇంత పెట్టుకొని, నిలబడే తినేసింది. ఇంకొంచెం పెట్టుకుంది.

నేను వాకిలి బయటే నిలబడి చూశాను. నిజం చెప్పడానికి వచ్చాను గానీ, ఆమె రెండోసారి పెట్టుకున్నదీ తినేదాకా చెప్పకూడదనిపించింది.

ట్యాంకు మెట్ల మీద

చెప్పే అవసరం రాలేదు. ట్యాంకు వైపు నుంచి బాలకిష్టయ్య కేక వినపడింది. "నర్సీ! ఉరుకు! శివుడు!"

గరిటె పొయ్యిలో పడింది. నర్సమ్మ పరుగెత్తింది. ఆమె వెనక ఊరు, ఊరి వెనక నేను. మెట్ల మీద బాలకిష్టయ్య ఫోన్‌ను రెండు చేతులతో, పసిపిల్లను పట్టుకున్నట్టు పట్టుకొని ఉన్నాడు. కంగారులో ఏది నొక్కాడో, స్పీకర్ ఆన్ అయింది. ఊరందరికీ వినపడింది.

"అమ్మా! నేనే."

"తిన్నవా బిడ్డా?"

"తిన్న. అమ్మా, నాకు టైం లేదు. ఒక్కటే ఫోను, నా ఎనక శానమంది నిలబడ్డరు. అందరం మంచిగున్నం. నాకొక్క మాట చెప్పు. టీవీల ఏమంటున్నరు?"

"ఏందిరా?"

"యుద్ధమైతదంటున్నరా, కాదంటున్నరా? మాకీడ ఏం తెలుస్తలేదమ్మా. గీ కొండ మీద మేము, గా కొండ మీద వాళ్లు. దినాం ఒకళ్ల మొకం ఒకళ్లు చూసుకుంటున్నం, గంతే. ఈడ అందరు అడుగుతుండ్రు, మీ ఇంట్ల టీవీ ఉంది గద, అడిగి చెప్పుమని. జల్ది చెప్పు."

చీకట్లో ఊరంతా మెట్ల దగ్గరికి జరిగింది. బాలకిష్టయ్య నా వైపు చూశాడు. నేను ట్యాంకు వైపు చూశాను.

"నాకేం తెల్సు బిడ్డా?" అంది నర్సమ్మ. "మైబుగాడు తీసేసిండు."

ఆమెకు ఎలా తెలిసిందో! బాలకిష్టయ్య బస్సెక్కి నాగర్‌కర్నూల్ పోయి రావడం, మర్నాడే వార్తలు పోవడం, రెండూ కలిపి చూసుకోవడానికి ఆమెకు ఏ గ్రంథాలయమూ అక్కర్లేకపోయింది.

"ఎందుకు తీసేసిండు?"

"నేను తింటలేనని."

"మరిప్పుడు తింటున్నవా?"

"తింటున్న. నేనేంది, ఊరంత మనింట్లనే తింటుంది."

అటు నుంచి నవ్వు వినపడింది. ఒక్కడిది కాదు, చాలామందిది. వెనక వరుసలో నిలబడ్డవాళ్లకు కూడా వినపడుతోందేమో. ఆ నవ్వు మధ్యలోనే ఫోన్ కట్టయింది.

తర్వాత సర్పంచి వీధి దీపాల స్విచ్చి వేయడానికి పోయాడు. దీపాలు వెలిగాక అందరికీ నేను స్పష్టంగా కనపడ్డాను. ఆ తర్వాత నన్ను ఏమన్నారో రాయను. ఎల్లయ్య మాత్రం, కప్పు మీద చొప్ప నన్నే దింపమన్నాడు. దింపాను.

టీవీలో అయిపోయాక

మర్నాడు వార్తలు తిరిగి ఇచ్చాను. స్క్రోలింగ్ కూడా మార్చాను. "నర్సమ్మ అక్క కొడుకు మంచిగున్నడు. వార్తలు మళ్లా వస్తున్నయి. యుద్ధం ఏమీ లేదు. భయపడకుండ్రి. ఇట్లు కేబుల్ మైబు." సేటుకు ఇది నచ్చలేదు. "ఇదేం రాత రా, బర్రె దొరికినట్టు" అన్నాడు. కానీ దీని మీద ఒక్క ఫోన్ కూడా రాలేదు. చదివేవాడి నోట్లో తిరిగే మాటల్లో రాయడం చిన్నతనం కాదని నాకు అప్పుడు తెలిసింది. ఈ పనిలో ఉన్నవాళ్లు ప్రతి స్క్రోలింగ్‌నూ వేసే ముందు ఒక్కసారి పైకి చదవండి. మీ అమ్మ పక్కనుంటే ఇంకా మంచిది.

ఇంకో సంగతి. కొన్ని వారాలకు టీవీలో యుద్ధం తగ్గిపోయింది. పెద్ద అధికారులు కూర్చొని మాట్లాడుకుంటున్నారని ఒకరోజు చెప్పారు. మర్నాటి నుంచి ఒక సినిమా హీరో పెళ్లి మొదలైంది. ఆ పెళ్లిలో బొమ్మ బాగా రావడం లేదని కంప్లెయింట్లు వచ్చాయి. అప్పుడు నర్సమ్మ మళ్లీ ఫోన్ చేసింది.

"మైబూ, మావోడు ఇంకా గా కొండ మీదనే ఉన్నడు. వాళ్లు గూడ గాడనే ఉన్నరంట. మరి టీవోడు ఎందుకు తీసేసిండు?"

నేను అట్లాసు చూసిన మనిషిని, సంధులూ ఒప్పందాలూ చదివిన మనిషిని. అయినా నాకు ఆ ప్రశ్నకు జవాబు తెలియలేదు. "తెల్వదక్కా" అన్నాను. నా ఉద్యోగ జీవితంలో కస్టమర్‌కు ఇచ్చిన జవాబుల్లో నిజాయితీ గలది అదే. ఆమె కూడా దానికి ఏమీ అనుకోలేదు. "సరే తియ్యి, ఫోన్ అయితే వస్తుంది" అంది. శివుడు ఆ చలికాలం దాటాక సెలవు మీద వచ్చాడు, క్షేమంగా, చెంపలు మాడి నల్లబడి.

కృతజ్ఞతలు

నిచ్చెన ఎక్కడమే కాదు, బల్ల మీద కూర్చోవడం కూడా పనేనని నేర్పిన ఈరన్నకు. నిబంధన పక్కన పెట్టి మూసే వేళ దాటాక కూడా దీపం వేసి ఉంచిన రాఘవులు సారుకు. నా దేశపటాలను లెక్కలేనన్నిసార్లు తుడిచిన ఖాజా భాయ్‌కు, వాటిని ఓపిగ్గా విన్న పెద్దమందడి సాయిరెడ్డికి. నా మొదటి రచనను మెచ్చుకొని, రెండోదాన్ని తిట్టి, రెండింటినీ ప్రసారం చేసిన చంద్రయ్య సేటుకు. చొప్ప దింపుతుంటే కింద నిచ్చెన పట్టుకున్న ఎల్లయ్యకు. ఇది రాస్తున్నంతకాలం ఇంట్లో టీవీ సౌండు తగ్గించిన నా భార్య షాహెదాకు. ఫోన్ వదలని బాలకిష్టయ్యకు, కొండ మీద వరుసలో నిలబడ్డ శివుడికి, అతని వెనక నిలబడ్డ పేరు తెలియని పిల్లలందరికీ.

చివరగా నర్సమ్మ అక్కకు. ఆమె సంగతి రాయవచ్చా అని అడగడానికి మొన్న వాళ్లింటికి వెళ్లాను. చాయ్ ఇచ్చింది. "రాసుకో మైబూ. కాని నేను ఏడ్సిన్నని మాత్రం రాయకు" అంది. మాట ఇచ్చాను. మొదటి నుంచి చివరి దాకా మళ్లీ చదివి చూసుకున్నాను. ఇందులో ఆమె ఎక్కడా ఏడవలేదు.